ముందు మీ భార్యకు చెప్పండి

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఉత్తరం రాసిన మీకు,

పెద్దమ్మాయి పెళ్లి నలుగురూ మెచ్చుకునేలా చేయాలని 11 లక్షలు అప్పు తెచ్చానని రాశారు. అందులో 4 లక్షలు ఇంకా తీరలేదు, ఆ సంగతి మీ భార్యకు తెలియదు. చిన్నమ్మాయి ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి సన్నిధిలో పెళ్లి, వంద మందికి భోజనాలు చాలంటోంది. అబ్బాయి తరపువారూ సరేనన్నారు. మీ బావమరిది మాత్రం పరువు తీస్తున్నారంటున్నాడు. మన చేతిలో లేనివాటి గురించి కలత పడవద్దని చెప్పే ప్రాచీన గ్రీకుల స్టోయిక్ తత్వం చదివి ఎవరి మాటా పట్టించుకోకూడదని మీరు నిశ్చయించుకుంటే, రాయిలా తయారయ్యారని మీ భార్య ఏడుస్తోంది.

పెళ్లి నిర్ణయం సరైనదే, దాని మీద ఇక తర్జనభర్జన వద్దు. నాకు దిగులు కలిగించింది ఆ రాయి అన్న మాట.

స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ ఒకప్పుడు రోములో బానిస. పేరు ప్రతిష్ఠలు మన చేతిలో లేవన్నాడు. మీరు ఆ ఒక్క మాటే పట్టుకున్నారు. మనిషి విగ్రహంలా చలనం లేకుండా ఉండకూడదని, కొడుకుగా, అన్నగా, తండ్రిగా తన బంధాలను నిలబెట్టుకోవాలని కూడా ఆయనే చెప్పాడు.

ఆయన చెప్పిన పోలిక ఒకటి మీకు పనికొస్తుంది. బజారులో ఒకడు నాణెమిచ్చి ఆకుకూర కొనుక్కున్నాడు. నువ్వు కొనలేదు. అతని దగ్గర కూర ఉంది, నీ దగ్గర నాణెం ఉంది. ఇందులో నీకు నష్టమేముంది? పెద్దమ్మాయి పెళ్లిలో మీరు డబ్బిచ్చి చుట్టాల మెప్పు కొన్నారు, ఈనాటికీ వడ్డీ కడుతున్నారు. ఈసారి డబ్బు ఖర్చు పెట్టడం లేదు, మెప్పూ రాదు. అందుకు బావమరిది మీద కోపం పెంచుకోనక్కరలేదు.

ఇక మీ భార్య సంగతి. పేరంటానికి వెళ్తే "పెద్దదానికి అంత చేసి చిన్నదానికి ఇంతేనా?" అని అడిగేది మిమ్మల్ని కాదు, ఆమెను. అప్పు ఉందనే తెలియని మనిషి ఏం జవాబు చెబుతుంది? ఆమె దృష్టిలో చులకనవుతానన్న భయంతోనే కదా మీరు దాచారు! బంధువుల మెప్పు అక్కరలేదంటున్న మీరు ఇంట్లో మెప్పు కోసం ఇంత బరువు ఒంటరిగా మోస్తున్నారు. కఠినంగా అంటున్నాననుకోకండి. మీ ఉత్తరం మొత్తంలో పూర్తిగా మీ చేతిలో ఉన్న పని ఆమెకు నిజం చెప్పడం ఒక్కటే.

ఈ రాత్రే కాగితాలు ఆమె ముందు పెట్టండి. అసలెంత, వడ్డీ ఎంత, ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పండి. కోప్పడితే వినండి, ఏడిస్తే పక్కనే కూర్చోండి. ఆ సమయంలో తత్వం మాట ఎత్తవద్దు. గొర్రెలు మేసిన గడ్డిని కాపరికి తెచ్చి చూపవు, ఉన్నీ పాలూ ఇస్తాయని ఎపిక్టెటస్ శిష్యులకు చెప్పేవాడు. మీరూ చదివింది వల్లించకండి, నడతలో చూపండి.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి బావమరిది ఇంటికి వెళ్లండి. ఫోనులో పిలుపు వద్దు. ఖర్చు గురించి వాదించవద్దు, ఆయన రెండు మాటలన్నా పడండి. మొదటి శుభలేఖ ఆయన చేతిలోనే పెట్టండి. పెళ్లి ఎక్కడ జరిగినా పెళ్లికూతురిని బుట్టలో తీసుకురావలసింది మేనమామే. ఆ రోజు తెల్లవారకముందే వచ్చి ఆ పని చేయమని ఆయనను అడగండి.