సరౌండ్‌లో ఉన్నది రౌండ్ కాదు, నీళ్లు

సరౌండ్ అనే ఇంగ్లీషు క్రియ రౌండ్ నుంచే పుట్టిందా, చుట్టుముట్టడమే దాని అర్థమా అని అడిగారు. కాదండీ. ఆ మాట అసలు అర్థం నేను 2015 డిసెంబరు 1 రాత్రి చెన్నైలో చూశాను.

అప్పుడు మేం సైదాపేటలో, అడయార్ నదికి దగ్గర్లో, కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కుల దాకా వదిలారని తర్వాత పేపర్లో చదివాం. ఆ రాత్రి కరెంటే లేదు. నీళ్లొస్తే వీధిలోంచే వస్తాయని గుమ్మానికి అడ్డంగా ఇసుక బస్తాలు పెట్టి కూర్చున్నాం. వచ్చింది బాత్‌రూమ్ తూములోంచి. ముందు బుడగలు, తర్వాత నల్లటి నీళ్లు, వాటి మీద తేలుతూ మా సబ్బుపెట్టె. బకెట్‌తో ఎత్తిపోస్తుంటే పై వాటా పిన్నిగారు మెట్ల మీద నుంచి టార్చి వేసి, ‘ఇంక తోడకమ్మా, ఇంటిని నీళ్లు చుట్టేశాయి, పాపనెత్తుకుని పైకి రా!’ అని కేకేశారు. సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని, పాపనెత్తుకుని మెట్లెక్కేసరికి మోకాలి లోతు. తెల్లారి డాబా మీంచి చూస్తే వీధీ నదీ ఒకటే.

కొన్నాళ్లకు నిఘంటువులో ఈ మాట పుట్టుక చూసి ఒళ్లు జలదరించింది. లాటిన్‌లో ‘సూపర్’ అంటే పైన, ‘ఉండా’ అంటే అల. పైకి పొంగి పొర్లడమన్నమాట. ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు సరౌండ్ అంటే వరద ముంచెత్తడమే! చెవికి రౌండ్‌లా తగలడం కూడా తోడై, 17వ శతాబ్దానికి చుట్టూ ఉండటమనే అర్థం స్థిరపడింది. ఇనండేట్, అబౌండ్, ఆఖరికి ఆఫీసుల్లో ఉద్యోగం ఊడబెరికేటప్పుడు వాడే రిడండెంట్ కూడా ఆ అల కడుపున పుట్టినవే.

బళ్లో మాత్రం ‘సరౌండ్ అంటే చుట్టుముట్టు’ అని ఒక్క ముక్క బట్టీ పట్టించారు, ఇప్పటికీ అదే. చుట్టుముట్టేది శత్రువులు, పోలీసులు, అప్పులవాళ్లు. ‘ఇంటిని కొబ్బరిచెట్లు చుట్టుముట్టాయి’ అని మా పాప నోట్సులో చూసినప్పుడు నిజంగా బాధేసింది. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు అంటే చాలదా, తెలుగులో అక్కడ క్రియే అక్కర్లేదు. వరదకైతే పిన్నిగారన్న ‘చుట్టేశాయి’ కంటే మంచి మాట నాకు దొరకలేదు.

వాడుకంటారా, మామూలుగా ‘సరౌండెడ్ బై’. కావాలని మనుషుల్ని చుట్టూ చేర్చుకుంటే ‘విత్’. ‘సరౌండెడ్ అరౌండ్’ అని మాత్రం దయచేసి రాయకండి, చుట్టూ అన్నది మాటలోనే ఉంది.