తిరస్కరించడమైనది: ఎవరు తిరస్కరించినట్టు?

సందేహం: మా అత్తగారి పింఛను దరఖాస్తుకు జవాబుగా "మీ దరఖాస్తు తిరస్కరించడమైనదని ఇందుమూలంగా తెలియజేయడమైనది" అని కాగితం వచ్చింది. ఇది సరైన తెలుగేనా? 'తిరస్కరించబడినది' అనాలా? అసలు ఎవరు తిరస్కరించారో ఈ వాక్యాన్ని బట్టి తెలుసుకోవడం ఎలా?

సమాధానం: వ్యాకరణం వరకు తప్పు లేదు. 'తిరస్కరించడం' అనే క్రియానామానికి 'అయినది' చేరింది, అంతే. 'తిరస్కరించబడినది' అన్నా తప్పు కాదు, గ్రాంథికంలో 'తిరస్కరింపబడినది' అంటారు. అయితే 'బడు' ప్రయోగం పుస్తకాల్లో ఉన్నంతగా మాటల్లో లేదు. "తలుపు నాచేత మూయబడింది" అని ఎవరమూ అనం కదా.

మీ మూడో ప్రశ్న అసలైనది. ఎవరు తిరస్కరించారో ఆ వాక్యం చెప్పదు.

తెలుగులో కర్తను విడిచిపెట్టినా క్రియ చివర అతని ఆనవాలు మిగులుతుంది. తిరస్కరించాను అంటే నేను, తిరస్కరించాం అంటే మేము, తిరస్కరించారు అంటే వారు. కాబట్టి మన భాషలో చేసినవారిని పూర్తిగా దాచాలంటే సర్వనామం తీసేస్తే సరిపోదు. క్రియను నామంగా మార్చి, మనిషిని సూచించని 'అయినది'ని తగిలించాలి. "హియర్‌బై ఇన్‌ఫార్మ్‌డ్" తరహా ఇంగ్లీషు చిత్తుప్రతులను తెలుగు చేసేటప్పుడు ఈ రూపం బాగా అక్కరకొచ్చింది. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. కచేరీలోకి తెలుగు అక్షరాలు వచ్చాయి కానీ, వాక్యం మాత్రం చాలాచోట్ల పాతదే మిగిలింది.

మీకొచ్చిన కాగితాన్నే మరోసారి చూడండి. పౌరుడి దగ్గరకు వచ్చేసరికి ఇలాంటి కాగితాల్లో కర్త స్పష్టంగా ప్రత్యక్షమవుతాడు: "మీరు ధ్రువపత్రం జతపరచలేదు", "దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావలెను". తప్పు చేసింది మీరు, రావలసింది మీరు. నిర్ణయం మాత్రం దానంతటదే జరిగిపోయింది! ఒక ముసలావిడ నెలనెలా మందులు కొనుక్కోగలదా లేదా అన్నది తేల్చే వాక్యంలో తేల్చిన మనిషి లేకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఎన్నికల్లో ఓటు వేసి మనం మార్చగలిగేది మంత్రుల్ని. మన రోజువారీ బతుకును నడిపే అధికారం ఎక్కువగా ఇలాంటి కాగితాల మీద ఉంటుంది.

నిర్ణయం వ్యక్తిది కాదు, పదవిది. అందుకే అలా రాస్తాం అని కొందరు ఉద్యోగులు అంటారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. అధికారి సొంత ఇష్టాయిష్టాలు ఫైలులోకి రాకూడదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ కూడా వ్యక్తులతో నిమిత్తం లేకుండా నియమం ప్రకారం నడవడమే ఆధునిక అధికార యంత్రాంగపు లక్షణమని చెప్పాడు. కానీ పదవికీ ఒక పేరుంది కదా, దాన్నయినా వాక్యంలో పెట్టవచ్చు. ఆఫీసు వేళల మార్పు లాంటి ప్రకటనల్లో 'మార్చడమైనది' అంటే నాకు పెద్దగా అభ్యంతరం లేదు. ఒకరి హక్కును కాదన్నప్పుడు మాత్రం ఇలా రాయాలి:

"మీ దరఖాస్తును పరిశీలించాను. వయసు రుజువు లేనందువల్ల తిరస్కరించాను. ఫలానా తేదీలోగా ఫలానా అధికారికి అప్పీలు చేసుకోవచ్చు." కింద సంతకం, హోదా.

ఇది భాషాభిమానంతో అడిగే కోరిక మాత్రమే కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ కార్యాలయాలు తమ పాలనా నిర్ణయాలకు కారణాలను ఆ నిర్ణయాల వల్ల ప్రభావితులైనవారికి చెప్పాలి. సమాచారం కోసం పెట్టిన దరఖాస్తునే తిరస్కరిస్తే కారణంతోపాటు అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు కూడా తెలపాలని ఏడో సెక్షన్ అంటుంది.

అందువల్ల మీ అత్తగారి తరఫున ఒక అర్జీ రాయండి. 'తిరస్కరించడమైనది' అన్న మాటను అందులో ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, "ఏ హోదాలో ఉన్న అధికారి, ఏ తేదీన, ఏ కారణంతో తిరస్కరించారు?" అని అడగండి.