తెల్లారేదాకా ఆగొద్దు

బుజ్జీ,

నిన్న ఫోన్లో నీ టెన్షన్‌కి నాకే కంగారు పుట్టి సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నా. మీ కుక్క రోజీకి తొలి కాన్పు, నీకూ తొలిసారే. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు గానీ, కొన్ని మనం పట్టేవి కావు.

జత కట్టిన రోజు నుంచి 63 రోజులు లెక్క, ఓ అయిదు రోజులు అటూ ఇటూ. 55 దాటాక ఒక ఎక్స్‌రే తీయించు, లోపల ఎన్ని పిల్లలున్నాయో తెలియకపోతే చివరిది బయటికొచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? 58వ రోజు నుంచి రోజుకి రెండుసార్లు మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడు. మామూలుగా 101, 102 ఉండేది 99 కంటే కిందికి దిగితే ఒక రోజులోపు నొప్పులొస్తాయి. దిగి ఒక రోజు దాటినా ఏమీ మొదలవ్వకపోతే డాక్టర్‌కి చెప్పాలి. మన చెన్నై ఎండల్లో కుక్క రొప్పుతుంటే ఉక్కకో నొప్పులకో తేల్చుకోలేం, అందుకే థర్మామీటర్ కొనమన్నది.

గుడ్డలు గీరడం, వణకడం, తిండి ముట్టకపోవడం, మంచం కింద దూరడం, ఇవన్నీ సగం రోజు, తొలిసారైతే రోజంతా కూడా ఉంటాయి. అప్పుడు దాన్ని దాని మానాన వదిలెయ్, చుట్టాలందర్నీ పిలిచి చుట్టూ కూర్చోబెట్టకు.

ముక్కడం మొదలైందా, గోడ గడియారం చూసి టైమ్ కాగితం మీద రాసెయ్. పొట్ట బిగబట్టి గట్టిగా ముక్కుతూ అరగంటలో పిల్ల రాలేదంటే బయల్దేరాలి. ఆగి ఆగి నీరసంగా ముక్కుతుంటే రెండు గంటలు, అంతకు మించి చూడొద్దు. ఒక పిల్లకీ ఇంకో పిల్లకీ మధ్య కూడా రెండు గంటలే, లోపల ఇంకా ఉన్నాయని తెలిస్తే. వెనక కాళ్లు ముందొచ్చాయని హడలిపోకు, కుక్కల్లో ఎదురుకాళ్ల పిల్లలు మామూలే. సగం బయటికొచ్చి ఇరుక్కుంటే మాత్రం శుభ్రమైన గుడ్డతో పట్టుకుని, తల్లి ముక్కినప్పుడే, కిందివైపుకి మెల్లగా లాగు. అయిదు పది నిమిషాల్లో రాకపోతే అలాగే కార్లో ఎక్కించు.

ఇంకోటుంది, అది నా తప్పు. పెరంబూర్ ఇంట్లో మా పింకీ, పొమేరియన్ కుక్క, రాత్రి ఒంటిగంటకి పరుపు మీద ముదురు ఆకుపచ్చ నీళ్లు పోసింది. పిల్ల ఒక్కటీ రాలేదు. పాత చీర ముక్కతో తుడిచి, తెల్లారాక చూద్దాంలే అనుకున్నా. ఆ పచ్చరంగంటే లోపల మాయ ఊడిందని, ఆ పిల్లకి ప్రాణవాయువు అందడం లేదని నాకప్పుడు తెలియదు. పొద్దున ఆపరేషన్ చేస్తే నాలుగింటిలో రెండు బతికాయి. మొదటి పిల్ల పుట్టాక అదే పచ్చ కనిపిస్తే భయం లేదు, దానికి ముందు కనిపిస్తేనే. ఎర్రటి రక్తం ఆగకుండా కారినా అంతే, పరుగెత్తాలి.

మందుల షాపువాడు నొప్పులు తెప్పించే ఇంజెక్షన్ ఇస్తానంటాడు. వద్దు. పిల్ల అడ్డం తిరిగి ఉంటే ఆ ఇంజెక్షన్‌కి గర్భసంచి చిరిగిపోవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు క్యాల్షియం టానిక్ కూడా సొంతంగా పొయ్యకు, తర్వాత పాలిచ్చేటప్పుడు అదే ఎదురుతిరుగుతుంది. కాన్పయిన రెండు మూడు వారాలకి రోజీ కాళ్లు బిగుసుకుని వణుకుతుంటే పిల్లల్ని పాల దగ్గర్నుంచి తీసేసి వెంటనే హాస్పిటల్‌కి పరుగెత్తు, అది చలి జ్వరం కాదు, ఒంట్లో క్యాల్షియం పడిపోవడం.

మాయలు లెక్కపెట్టుకో, పిల్లకొకటి. రోజీ ఒకటో రెండో తినేస్తుంది, తిన్నా ఏం కాదు. వేలాడుతున్నదాన్ని నువ్వు లాగొద్దు.

వేపేరిలో పశువైద్య కాలేజీ హాస్పిటల్ ఉంది కదా, రాత్రిపూట ఎవరు చూస్తారో అక్కడా, మీ వేళచ్చేరి క్లినిక్‌లోనూ ఇవాళే కనుక్కో. అర్ధరాత్రి కుక్కని చూసి ఆటోవాళ్లు ఎక్కించుకోరు, పక్కింటి వాళ్ల కారు అడిగి పెట్టుకో. అప్పటికే పుట్టిన పిల్లల్ని ఇంట్లో వదలకుండా అట్టపెట్టెలో వేసుకో, అడుగున వేడినీళ్ల సీసా తువ్వాలులో చుట్టి. టైమ్ రాసిన కాగితం కూడా.

మీ పెద్దమ్మ