ఆధునిక శిల్పం నున్నగా, అచ్చం మనిషిలా ఎందుకు ఉండదు?

చేతకాక కాదు. రామ్‌కింకర్ బైజ్ అనే బెంగాలీ శిల్పి 1938లో శాంతినికేతన్‌లో చేసిన ‘సంతాల్ కుటుంబం’ చూడండి. మగమనిషి భుజాన కావడి, ఒక బుట్టలో పిల్లాడు, రెండోదాంట్లో సామాను. పక్కన చంకన బిడ్డతో భార్య, కాళ్ల దగ్గర కుక్క. ఊరొదిలి నడిచిపోతున్న సంతాల్ తెగ గిరిజన కూలి కుటుంబం.

పాలరాయికి, కంచుకు డబ్బెక్కడిది? ఇనుప చట్రం మీద సిమెంటు, ఎర్ర కంకర కలిపిన ముద్దను విసిరికొట్టి, పచ్చిగా ఉండగానే చెక్కాడు. అందుకే ఒళ్లంతా గరుకు. ఆ గరుకులోనే ఎండా, దుమ్మూ, కూలిబతుకూ కనిపిస్తాయి. నున్నగా చేస్తే బొమ్మ మిగిలేది, నడక పోయేది (నా అభిప్రాయమే లెండి).

జనం వెంటనే మెచ్చుకుంటారా అంటే, అదీ లేదు. ఢిల్లీ రిజర్వు బ్యాంకు ముందు ఆయనే నిలబెట్టిన యక్షిణికి బట్టల్లేవని రాజ్యసభలోనే ప్రశ్న లేచింది. మన గుళ్ల గోడల మీద యక్షిణులు ఏం కట్టుకున్నారో ఎవరూ అడగరు!

ఇలాంటివి ఫొటోలో చూస్తే సగమే తెలుస్తాయి. ఎదురుగా దొరికితే చుట్టూ ఒకసారి తిరగండి. కావడి బరువు ఎటు లాగుతోందో వెనకనుంచి ఇంకా బాగా తెలుస్తుంది.