ఆ వెండి ఎక్కడిది?

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు ఫీనిక్స్ నుంచి పంపిన కంకణం కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీలోనే కాగితాలు పక్కన పెట్టేశాను. అక్కడ కంకణంలోని రాయిని వైడూర్యం అన్నావు. వైడూర్యం నవరత్నాల్లో ఒకటి, పిల్లికన్నులా మెరుస్తుంది. అమెరికా నైరుతి ప్రాంతపు ఆదివాసులైన నవాహోల వెండిలో పొదిగేది టర్కాయిస్. దానికి మన దగ్గర మాట లేకపోలేదు. హైదరాబాదులో రాళ్ల దుకాణానికి వెళితే ఫిరోజా అంటారు, పర్షియా నుంచి వచ్చిన మాట. కావ్యంలా వినిపిస్తుందని నువ్వు దాన్ని కాదని వైడూర్యాన్ని తెచ్చుకున్నావు. ఆరిజోనాలోని గనాడోలో 1878 నుంచి వర్తకం చేసిన జాన్ లొరెంజో హబ్బెల్, 1890 ప్రాంతంలో నవాహో పనివాళ్లకు పర్షియా ఫిరోజాలే తెప్పించి అమ్మాడు. సరైన మాట పట్టుకుని ఉంటే అదే నిన్ను గనాడో దాకా నడిపించేది.

రెండోది, 'వేల ఏళ్ల ప్రాచీన కళ' అన్నావు. ఆ నేల మీద ఫిరోజా ప్రాచీనమే. అక్కడి మరో ఆదివాసులైన ప్యూబ్లోల పూర్వీకులు న్యూమెక్సికోలో కట్టిన చాకో కాన్యన్ శిథిలాల్లో వేలకొద్దీ ముక్కలు దొరికాయి. నవాహోల నాలుగు పవిత్ర పర్వతాల్లో దక్షిణాన ఉన్నది ఫిరోజా పర్వతమే. వెండిపని మాత్రం మా ముత్తాత కాలం నాటిది. అత్సిది సాని, అంటే 'ముసలి కమ్మరి' అని పేరున్న నవాహో, ఒక మెక్సికన్ దగ్గర ఇనుపపని నేర్చుకుని తరువాత వెండికి మళ్లాడు. ఆ మధ్యలోనే 1863-64లో అమెరికా సైన్యం నవాహోల పంటలు తగలబెట్టి, వేలమందిని వందల మైళ్లు నడిపించి న్యూమెక్సికోలోని బోస్క్ రెడొండోలో నిర్బంధించింది. 1868 ఒప్పందంతో ఇళ్లకు చేరాకే వెండిపని ఇంటింటికీ పాకింది. ఇంత చరిత్ర ఉండగా నీకు 'అనాదిగా' అన్న మాట ఎందుకు కావలసి వచ్చింది?

ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. వస్తువు మీద కథ రాసేటప్పుడు అది మెరవకముందు ఏమిటో కనుక్కో. నీ కంకణం ముందు నాణెం. అమెరికా డాలరును కరిగించి, కడ్డీ పోసి, సుత్తితో సాగగొట్టి చేసేవాళ్లు. 1890 ప్రాంతంలో నాణేలు పాడుచేయరాదన్న చట్టాన్ని గట్టిగా అమలు చేయడంతో మెక్సికన్ పెసోలకు మారారు. 1930లో మెక్సికో కూడా తన నాణేలు బయటికి పోనివ్వలేదు. ఆ తరువాతే రేకు వెండి. పూస చేయాలంటే రెండు నాణేలను గుంటలో పెట్టి చిన్న గిన్నెల్లా వంచి, రెండింటినీ అతకాలి. పాత ఆకురాళ్లు అరగదీసి నగిషీ అచ్చులు చేసుకునేవాళ్లు. ఇందులో ఒక్క వాక్యమైనా నీ కథలో లేదు. 'నీలి కాంతి' మాత్రం పదకొండుసార్లు ఉంది.

కాంచో బెల్టు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? మన వడ్డాణంలా నడుముకు కట్టుకునే వెండి బిళ్లల పట్టీ. తొలినాటి బిళ్లకు మధ్యలో డైమండ్ ఆకారపు రంధ్రం, దానికి అడ్డంగా సన్నని కమ్మీ ఉంటాయి. వెనక కొక్కెం అతకడం అప్పటికి చేతకాలేదు కాబట్టి తోలుపట్టీని ఆ కమ్మీ మీదుగానే దూర్చేవాళ్లు. అతుకు నేర్చాక రంధ్రం అవసరం తీరింది. అయినా బిళ్ల నడుమ ఆ డైమండ్ గీతను నగిషీగా చెక్కుతూనే వచ్చారు. మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు అలాంటి బిళ్ల ఒకటి అరచేతిలో పెట్టుకుని, అవసరం లేని ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను.

నీ కథానాయికకు దుకాణదారు చెప్పే అర్థాలన్నీ తీసెయ్. బాణం అంటే రక్షణ, పిడుగుపక్షి అంటే ఆనందం! అలాంటి అర్థాల పట్టికలు యాత్రికులకు సరుకు అమ్మడానికి వర్తకులు అచ్చువేయించినవి. 1899 నుంచి ఫ్రెడ్ హార్వీ కంపెనీ రైలు ప్రయాణికుల కోసం తేలికపాటి నగలు చేయించింది, బాణాల గుర్తులు ఎక్కువగా వాటి మీదివే. గుమ్మడిపువ్వు హారం సంగతి కూడా అంతే. ఆ పువ్వు స్పానిష్ వాళ్లు దుస్తులకు కుట్టుకున్న దానిమ్మ మొగ్గ. కింద వేలాడే నెలవంక వాళ్ల గుర్రాల నుదుటి మీద ఉండేది.

ఇప్పుడు నాచేత మళ్లీ కాగితాలు తీయించిన చోటు. కంకణం లోపలి అంచు ఒకవైపే అరిగి ఉందని, కొన్నవాళ్ల చేతికి పట్టలేదని రాశావు. బాగుంది. ఆ వెంటనే 'ఓల్డ్ పాన్' చీటీ చూసి ఆమె మురిసిపోయిందని ముగించావు. అమ్మాయీ, ఆ చీటీని తెలుగులో చదువు. విడిపించుకోలేకపోయిన తాకట్టు. గొర్రెల ఉన్ని చేతికొచ్చేదాకా, గొర్రెపిల్లలు అమ్ముడయ్యేదాకా గడవడానికి నవాహోలు వర్తకుడి దగ్గర పెట్టిన నగ అది. చాలామంది వర్తకులు పూజలకూ క్రతువులకూ ఆ నగను కొన్నాళ్లు ఇచ్చి మళ్లీ తీసుకునేవాళ్లు.

మా అమ్మ కాసులపేరు నా కాలేజీ ఫీజు కోసం తాకట్టుకు వెళ్లింది. దారం బరువు లెక్కలోకి రాకూడదని వ్యాపారి దాన్ని తెంపి, కాసులు విడిగా తూచాడు. అమ్మ ఆ తెగిన దారాన్ని కొంగున ముడివేసుకుని ఇంటికి తెచ్చింది. అక్క పెళ్లికి ఒక్కరోజు ఇమ్మని అడిగితే అతను ఇవ్వలేదు. దీన్ని కథగా రాస్తే ఒక సంపాదకుడు తూకం పేజీ మొత్తం కొట్టేశాడు. పాఠకుడికి తూకాలెందుకన్నాడు. అమ్మ ఏడుపు మాత్రం ఉంచాడు, పైగా నాలుగు వాక్యాలు చేర్చాడు. కథ అచ్చయింది. దారం లేని ఆ కథను నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. నలభై ఏళ్లు దాటినా ఆ కోపం పోలేదు. ఇప్పుడు పోటీలు నడిపేవాళ్లకూ మాయలూ మహిమలూ కావాలి, తక్కెడ అక్కర్లేదు. నువ్వు వాళ్ల కోసం రాయవద్దు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు కథ మళ్లీ రాయి. ఆ కంకణం నువ్వు నిజంగా కొన్నదేనని ఉత్తరంలో అన్నావు కదా. లోపలివైపు ఫొటో తీసి పంపు. సుత్తి దెబ్బలు కనబడేలా వెలుతురు పక్కనుంచి పడాలి. అరిగిన అంచు కూడా రావాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు