టెస్టు రిపోర్టు చూసి సివిల్ మాన్పించకండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బిడ్డ నల్లగొండలో సివిల్ ఇంజినీరింగ్ డిప్లొమా చివరి ఏడాది. కాలేజీలో పెట్టిన పర్సనాలిటీ టెస్టులో ఆందోళన, సర్దుకుపోయే గుణం ఎక్కువని వచ్చింది. ఆడపిల్లల స్వభావమే అంత, సైటు పని చేయలేరు, డిగ్రీ, బీఈడీ చేయించమని మావాళ్లు అంటున్నారు. అట్లాగని ఊరుకునే పిల్ల కాదు. మా ఇంటి స్లాబు రోజు కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోస్తున్నారని మేస్త్రీతో గొడవ పెట్టుకుంది. ఏం చేయాలి?

జవాబు: బీటెక్‌కే పంపండి.

మీవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. 26 దేశాలు, సంస్కృతులకు చెందిన 23 వేల మందికి పైగా ఇచ్చిన పర్సనాలిటీ టెస్టు జవాబులను మనస్తత్వ శాస్త్రవేత్తలు కోస్టా, మెక్రే బృందం పరిశీలించి 2001లో ఫలితాలు ప్రచురించింది. ఆందోళన, సర్దుకుపోయే గుణం ఆడవాళ్లలో సగటున కాస్త ఎక్కువ. తన మాట నెగ్గించుకునే తత్వం మగవాళ్లలో కాస్త ఎక్కువ. కానీ ఆడవాళ్లలోనే ఒకరికీ ఇంకొకరికీ ఉండే తేడా దీనికంటే చాలా పెద్దది. ఎవరో ఒక అమ్మాయినీ, ఎవరో ఒక అబ్బాయినీ పక్కపక్కన పెట్టి ఆందోళన కొలిస్తే, వందలో సుమారు 60 సార్లు అమ్మాయికి ఎక్కువ వస్తుంది. మిగతా 40 సార్లు అబ్బాయికే. ఇంత పల్చటి లెక్కతో మీ అమ్మాయి చదువు ఎలా తేలుస్తాం? పైగా ఇరవైలు దాటేకొద్దీ చాలామందిలో ఆందోళన తగ్గుతూ వస్తుంది.

మేస్త్రీ సంగతి మీరు ఫిర్యాదులా రాశారు. నాకైతే ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన మాట అదే. నీళ్లు ఎక్కువైతే పోయడం, సర్దడం తేలిక, కానీ కాంక్రీటు బలం పడిపోతుంది. అది కనిపెట్టి, వయసులో పెద్దవాడైన మేస్త్రీని అక్కడే ఆపడం సైటు ఇంజినీరు రోజూ చేసే పని. టెన్షన్ పడే మనిషే ఇలాంటివి ముందు చూస్తుందని నా నమ్మకం.

మీరు ఆరా తీయాల్సింది వేరే ఉంది. సైటులో ఆడవాళ్లకు బాత్రూం ఉందా? చీకటి పడ్డాక ఇంటికి బస్సు ఉందా? ఇవి అసలైన ఇబ్బందులు. ఉద్యోగంలో చేరే ముందు మొహమాటం లేకుండా అడగండి. ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌లో కూడా ఆఫీసులో కూర్చోబెట్టకుండా సైటుకే పంపమనండి.

టీచరు కావాలని తనే అంటే బీఈడీ మంచి దారే. ఆ మాట తను అన్నట్టు మీరు రాయలేదు. డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. 200 మార్కుల్లో 100 సివిల్‌వే, 50 మ్యాథ్స్. డిప్లొమాతో ప్రభుత్వ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) పోస్టులకూ పోటీ పడొచ్చు. ఈసెట్ సాధారణంగా మేలో ఉంటుంది కాబట్టి మ్యాథ్స్ ఇప్పుడే మొదలుపెట్టమనండి.