డాబా మీద గరాటు పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వేసవి సెలవులకి వచ్చి ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలు పట్టే పెద్ద గరాటు డాబా మీద పెడుతుందట అన్నయ్యా, పాలపుంతని తూచేస్తుందట, విశ్వం చివరికి ఏమవుతుందో కూడా చెబుతుందట" అంది. దాని గొంతులో కంగారెంతో మురిపెం అంత. నా సంగతీ అంతే. నవారు మంచం మీద పడుకుని "చుక్కలయిపోయాక ఏముంటుంది మావయ్యా" అని నిద్దరపోనివ్వకుండా అడిగిన పిల్లవి, ఇవాళ జవాబు కొలుస్తానంటున్నావు. మంచి పనే. కానీ నాకు రెండు భయాలున్నాయి. మీ డాబాకి పడమటి వైపు పిట్టగోడ లేదు. రెండోది, గ్రాఫులో ఓ చిన్న గుట్ట కనపడగానే నువ్వు "దొరికింది" అని ఊరంతా చెప్పేస్తావేమోనని.

ముందు గరాటు వెనక తగిలించే డబ్బా, అంటే తరంగం నడిచే గొట్టం సంగతి. ఇంట్లో ఖాళీగా ఉంది కదా అని పదిహేను కిలోల నూనె డబ్బా వాడకు. పాలపుంతలోని హైడ్రోజన్ వాయువు నుంచి వచ్చే రేడియో తరంగం పొడవు 21.1 సెంటీమీటర్లు, ఫ్రీక్వెన్సీ 1420.4 మెగాహెర్ట్జ్. గొట్టం వెడల్పు అందులో సగం కన్నా, అంటే 10.6 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే తరంగం లోపలికే రాదు. 21.1 దాటినా, ఎత్తు 10.5 దాటినా, ఒక పద్ధతిలో నడవాల్సిన తరంగం ఒకటికి మించిన పద్ధతుల్లో నడుస్తుంది. లోపల ఉన్న తీగ ఒకదాన్నే సరిగ్గా అందుకుంటుంది. నూనె డబ్బా అడుగు రమారమి 23 సెంటీమీటర్ల చదరం, అటూ ఇటూ కూడా ఎక్కువే. రేకు పని చేసేవాళ్ళ దగ్గర లోపలి కొలత 16.5 వెడల్పు, 10 ఎత్తు, 25 పొడవు చెప్పి చేయించు. ఒక చివర మూసెయ్యాలి.

తీగ 2 మిల్లీమీటర్ల రాగిది, పొడవు 5.2 సెంటీమీటర్లు. వెడల్పు గోడ మధ్యలోంచి లోపలికి దింపాలి. మూసిన చివర నుంచి ఎంత దూరంలో అన్న దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. తరంగంలో నాలుగో వంతు 5.3 కదా అని అక్కడే కన్నం పెడతారు. గొట్టం లోపల తరంగం సాగుతుంది. 16.5 వెడల్పులో దాని పొడవు 27.4 అవుతుంది, నాలుగో వంతు 6.9. కన్నం అక్కడ పడాలి.

గరాటు మూతి 75 సెంటీమీటర్లకి 60. థర్మాకోల్ మీద వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించినా పని జరుగుతుంది గానీ, మన కోనసీమ తేమకి వారంలో ఊడొస్తుంది. పలచటి అల్యూమినియం రేకే తీసుకో. అతుకుల దగ్గర లోహానికి లోహం తగలాలి. ఫాయిల్ టేపు కింద ఉండే జిగురు కరెంటుని పోనివ్వదు, అందుకని టేపుని నమ్ముకోకుండా అంచులు మడిచి రివిట్లు కొట్టించు.

మూతికి పలచటి పాలిథిన్ కాగితం కట్టు. 1951 మార్చి 25న హార్వర్డ్‌లో ఎవెన్, పర్సెల్ అనే శాస్త్రవేత్తలు ఈ హైడ్రోజన్ గీతని, అంటే గ్రాఫులో 1420.4 దగ్గర లేచే గుట్టని, మొట్టమొదట పట్టుకున్నది కూడా ఇలాంటి గరాటుతోనే. దాన్ని లాబ్ కిటికీలోంచి బయటికి పెట్టారు. వాన కురిస్తే నీళ్ళన్నీ గరాటు పట్టి గదిలోకి పోసింది. అక్కడి వానకే అలా అయితే మన గాలివాన సంగతి చెప్పాలా! కాగితం మీద చుక్కలు నిలిస్తే తుడుచుకో, నీళ్ళు తరంగాన్ని తినేస్తాయి.

ఆంప్లిఫయర్ తీగకి ఆనుకునే ఉండాలి. కింద గదిలో పెట్టుకుని పైనుంచి కేబుల్ లాగితే, కేబుల్‌లో పోయే సిగ్నల్ పోగా దాని రొద కూడా కలుస్తుంది. తరవాత ఎంత పెంచినా ఆ రొద కూడా పెరుగుతుంది. 1420కి ఫిల్టర్ కలిసిన లో నాయిస్ ఆంప్లిఫయర్ దొరుకుతుంది, అదే కొను. డాంగిల్, అంటే లాప్‌టాప్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్, టీసీఎక్స్ఓ (వేడికి ఫ్రీక్వెన్సీ జరక్కుండా దిద్దుకునే క్రిస్టల్) ఉన్నది తీసుకో. మామూలు క్రిస్టల్ 50 పీపీఎం, అంటే పది లక్షల్లో 50 వంతులు, తప్పితే 71 కిలోహెర్ట్జ్ పక్కకి పోతుంది, అంటే నీ లెక్కలో సెకనుకి 15 కిలోమీటర్ల తప్పు. అరగంట వేడెక్కనిచ్చి మొదలుపెట్టు. డాంగిల్ సరిగ్గా మధ్యలో ఎప్పుడూ ఒక దొంగ ముల్లు లేపుతుంది, అందుకని మధ్య ఫ్రీక్వెన్సీని 1420.4 మీద పెట్టకుండా అర మెగాహెర్ట్జ్ పక్కకి జరుపు. లాప్‌టాప్ బాటరీ మీదే నడవాలి, చార్జర్ తీసెయ్. ఎల్ఈడీ బల్బులు ఆర్పించు. చుట్టుపక్కల రొయ్యల చెరువుల ఏరేటర్లు తెల్లవార్లూ తిరుగుతాయి, స్టార్టర్ పడినప్పుడల్లా గీత ఎగిరితే కంగారుపడకు. హైడ్రోజన్ గీత ఎంత సన్నమైనా ఇరవై కిలోహెర్ట్జ్ పైనే వెడల్పుంటుంది. సూదిమొనలా లేచేది ఆకాశానిది కాదు.

ఇప్పుడు అసలు సంగతి, నిదానంగా చదువు.

డాబా మీంచి కింద గదికి ముప్ఫై మీటర్ల కేబుల్ లాగావనుకో. రెండు చివర్లా కొద్దో గొప్పో సరిపడకపోవడం ఉంటుంది. మన ఉప్పుగాలికి పచ్చబడిన కనెక్టరైతే ఇంకా ఎక్కువ. సిగ్నల్ కొంచెం వెనక్కి తన్నుకుని మళ్ళీ వస్తుంది. వెళ్ళిందీ తన్నుకొచ్చిందీ కలిసి గ్రాఫులో అల లేపుతాయి. ముప్ఫై మీటర్లకి ఆ అల ఒక్కొక్కటి 3.3 మెగాహెర్ట్జ్ వెడల్పు. నీ డాంగిల్ చూసేది 2.4 మెగాహెర్ట్జ్ మాత్రమే. కాబట్టి నీకు అల మొత్తం కనపడదు, ఒక నున్నటి గుట్ట ఒక్కటే కనపడుతుంది. సరిగ్గా హైడ్రోజన్ ఉండాల్సిన చోట, ఉండాల్సిన ఆకారంలో. అందంగా కూడా ఉంటుంది. దాన్ని చూసి ఎంతమంది పిల్లలు పొంగిపోతారో!

పిల్లలే కాదు. 2018లో ఆస్ట్రేలియాలో ఎడ్జెస్ అనే పరికరం బల్లంత ఆంటెనాతో ఒక పెద్ద మాట చెప్పింది. మొదటి నక్షత్రాలు వెలిగినప్పటి హైడ్రోజన్, విశ్వం సాగడం వల్ల తరంగం పద్ధెనిమిది రెట్లు పొడవై, 78 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక గుంటలా కనిపించిందని. గుంట లోతు అర కెల్విన్ (సిగ్నల్ బలాన్ని వేడి లెక్కలో చెప్పే కొలత), సిద్ధాంతం ఒప్పుకునే గరిష్ఠానికి రెట్టింపు పైన. డార్క్ మేటర్, అంటే వెలుగివ్వకుండా బరువు మాత్రమే చూపించే పదార్థం, ఆ వాయువుని చల్లబరిచిందేమోనని వెంటనే వ్యాసాలు వచ్చాయి. దొరికితే అంతకన్నా ఏం కావాలి? కానీ ఆంటెనా నేల మీద పరిచిన లోహపు వల మీద ఉంది. వల కింద మట్టి. మట్టిలో పొరలు, ఒక్కో పొరలో ఒక్కో తేమ, ఒక్కో లోతు నుంచి ఒక్కో ప్రతిఫలనం. గుంట ఆకాశానిదా, ఆంటెనాదా, కింది నేలదా అని చాలామంది అడిగారు.

అడిగి ఊరుకోకుండా కొలిచింది మన బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు. సారస్ 3 అనే ఆంటెనాని తెప్ప మీద పెట్టి కర్ణాటకలో దండిగనహళ్ళి చెరువులోనూ, శరావతి ఆనకట్ట వెనక నీళ్ళలోనూ తేల్చారు, 2020లో. చెరువెందుకంటావా? మట్టిలా పొరలు పొరలుగా ఉండదు నీరు, పై నుంచి అడుగు దాకా ఒకేలా ఉంటుంది. అందువల్ల దాని ప్రతిఫలనం నున్నగా ఉంటుంది, గ్రాఫులో దొంగ అలలు లేపదు. 2022లో వాళ్ళు ఫలితం చెప్పారు: ఎడ్జెస్ చెప్పిన ఆకారంలో గుంట తమకి కనపడలేదు, 95 శాతం పైన నమ్మకంతో దాన్ని తోసిపుచ్చుతున్నామని. విశ్వం తొలినాళ్ళ గురించిన ప్రశ్న చెరువు నీళ్ళ మీద తేలింది చూడు. కాలవల మధ్య పుట్టినదానివి, ఇది నీకు ఒకసారి చెబితే గుర్తుంటుంది.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది. కేబుల్‌కి ఇంకో పది మీటర్లు కలిపి మళ్ళీ తియ్యి. గుట్ట జరిగితే అది కేబుల్‌ది. జరక్కపోతే సగం గెలిచావు. మిగతా సగానికి గరాటుని తిప్పక్కర్లేదు, నిటారుగా నడినెత్తికి పెట్టి వదిలెయ్. మే నెలాఖరులో రాత్రి ఎనిమిదిన్నరకి కోనసీమ నడినెత్తిన, స్వాతికి పడమరగా, ఉండేది పాలపుంత తలానికి దాదాపు లంబంగా ఉన్న దిక్కు. అక్కడ హైడ్రోజన్ బాగా తక్కువ. అదే గరాటు తెల్లవారుజామున మూడింటికి సరిగ్గా పాలపుంత పట్టీ మధ్యలోకి చూస్తుంది, శ్రవణానికి కొంచెం ఉత్తరంగా, గెలాక్టిక్ రేఖాంశం (గెలాక్సీ కేంద్రం దిక్కు నుంచి పట్టీ వెంట కొలిచే కోణం) 50 దగ్గర. రెండోదాన్ని మొదటిదానితో భాగించు. ఎనిమిదిన్నరకి కూడా గుట్ట అంతే ఉంటే ఆకాశంతో దానికి సంబంధం లేదు. ఒక్కో దిక్కుకి అయిదు నిమిషాలు సగటు తీస్తే చాలు, గీత చుట్టూ ఉండే గజిబిజి అర కెల్విన్ లోపుకి దిగుతుంది.

ఈ పని సంక్రాంతి సెలవుల్లో ఎందుకు వద్దో కూడా చెబుతాను. అప్పుడు సూర్యుడు మకరంలోకి అడుగుపెట్టి, మనకి కావాల్సిన వైపే ఉంటాడు. పగలూ మబ్బూ ఈ తరంగానికి అడ్డు కాదు గానీ సూర్యుడు అడ్డే.

లెక్కకి వస్తే, వాయువు మన వైపు వచ్చినా దూరంగా పోయినా గీత పక్కకి జరుగుతుంది; అలా జరిగిన ప్రతి కిలోహెర్ట్జ్ సెకనుకి 0.211 కిలోమీటర్ల వేగం. భూమి సూర్యుడి చుట్టూ 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది, సూర్యుడు 20 కిలోమీటర్లతో అభిజిత్ నక్షత్రం ఉన్న వైపుగా పోతున్నాడు. మే నెలాఖరున నువ్వు చూసే దిక్కుకి రెండూ కలిసి 35 కిలోమీటర్ల దరిదాపు అవుతుంది. ఇది దిద్దకపోతే 51 ఉండాల్సిన వేగం 16 లాగా కనపడుతుంది. దిద్దాక, గీత ఎడమ అంచున అతి ఎక్కువ వేగం తీసుకుని, దానికి 220ని (మనమున్న చోట గెలాక్సీ చుట్టూ తిరిగే వేగం) 50 డిగ్రీల సైనుతో హెచ్చించి కలుపు. 51, 169 కలిపితే 220. గెలాక్సీ కేంద్రం నుంచి సుమారు 20,000 కాంతి సంవత్సరాల దూరంలో వాయువు తిరిగే వేగం అది; పాలపుంతని తూచేది ఆ వేగంతోనే. నీ గరాటు చూపు ఇరవై డిగ్రీల వెడల్పు, కాబట్టి 40 దగ్గరి వేగం కూడా కలిసి నీకు ఇంకో పది ఇరవై ఎక్కువ రావచ్చు. వస్తే 220కి సరిపోయేలా సర్దకు. వచ్చిన అంకె, పక్కన ప్లస్ మైనస్ వేసి, అలాగే రాయి.

ఇంకొకటి, దీనికి నువ్వు అలుగుతావని తెలుసు. ఈ కొలతతో డార్క్ మేటర్ నిరూపించినట్టు కాదు. ఈ పద్ధతి మనకన్నా లోపలి వాయువుకే పనికొస్తుంది. లోపల వేగం తగ్గకపోవడానికి అక్కడున్న నక్షత్రాలే చాలావరకు సంజాయిషీ చెప్పగలవు. అసలు చిక్కు బయట ఉంది. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడాలో చూసింది అదే: వెలుగు సన్నగిల్లిన అంచుల దగ్గర కూడా వేగం తగ్గలేదు. ఇక విశ్వం చివరికి ఏమవుతుందన్న నీ ప్రశ్న గెలాక్సీ లోపల కూర్చుని కొలిచేది కాదు. ఇక్కడ గురుత్వం గెలిచేసింది, మన పాలపుంత సాగడం లేదు. ఆ ప్రశ్నకి దూరాల్లో పేలిన నక్షత్రాలు, అంటే సూపర్‌నోవాలు కావాలి, లక్షల గెలాక్సీల పటం కావాలి. విశ్వం సాగే వేగం పెరుగుతోందని 1998లో రెండు బృందాలు చెప్పాయి. దాన్ని నడిపే డార్క్ ఎనర్జీ ఎప్పటికీ ఒకేలా ఉంటే గెలాక్సీల గుంపులు ఒకదాని కంటికి ఒకటి ఆనకుండా పోతాయి. 2025 మార్చిలో, అలాంటి గెలాక్సీల పటం గీస్తున్న డెసీ వాళ్ళు డార్క్ ఎనర్జీ నెమ్మదిగా బలహీనపడుతున్నట్టుందని అన్నారు. ఏ సూపర్‌నోవాల పట్టిక కలిపితే అన్నదాన్ని బట్టి 2.8 నుంచి 4.2 సిగ్మా (ఫలితం యాదృచ్ఛికం కాదని ఎంత నమ్మకమో చెప్పే కొలత). అయిదు దాటలేదు కనక "దొరికింది" అనలేదు. చూశావా, వందల మంది, అంత పెద్ద టెలిస్కోపు, అయినా ఆగారు.

నీ అంకె చిన్నదే. కానీ అది నీ చేత్తో కొలిచిన అంకె, మనం తిరుగుతున్న గెలాక్సీది. నాకు అది చాలు తల్లీ.

డాబా సంగతి. గరాటు అంచు నుంచి ఆరడుగులు లోపలికి పెట్టు. రాత్రిపూట ఒక్కదానివే ఎక్కకు. ఈదురుగాలికి ఆ మూతి మీద ఇరవై కిలోల పైన తోపు పడుతుంది, నాలుగు మూలలా ఇసుక బస్తాలు వేసి కొబ్బరితాడుతో కట్టు. మే నెలలో సాయంత్రం పడమర నల్లబడిందంటే కేబుల్ ఊడదీసి దిగిపో, ఆ రాత్రి పోతే పోనీ. చుట్టూ కొబ్బరిచెట్లున్నాయిలే అనుకోకు, చెట్టు మీద పడ్డ పిడుగు పక్కనున్న రేకు మీదకి దూకుతుంది.

పడమటి వైపు మూడడుగుల ఎత్తున వెదురు దడి కట్టించమని మీ అమ్మకి చెప్పాను. నువ్వొచ్చేలోగా అయిపోతుంది. మొదటి రాత్రి ఎనిమిదిన్నర ఫైలు, మూడింటి ఫైలు రెండూ నాకు పంపు. గుట్ట కనపడకపోయినా పంపు.

మీ మావయ్య